పక్క స్టాండులో వదిన సీటు

మార్చి 3, సోమవారం

మేనేజర్ని పీకేశారు. భోజనాల బెల్లు కొట్టకముందే వార్త లాండ్రీలోకి వచ్చేసింది. చేతిలో దుప్పటి వదిలేసి చప్పట్లు కొట్టాను. రెండో కొస పట్టుకున్న పెద్దమ్మ వెనక్కి తూలింది. ఆవిడ మాకు చుట్టం కాదు. ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఆస్పత్రి దుప్పట్లు మడతపెడుతోంది కాబట్టి అందరికీ పెద్దమ్మే.

"దుప్పటికి ఇవతల నేనొకదాన్ని ఉన్నానే తల్లీ," అంది.

"మేనేజర్ని తీసేశారు పెద్దమ్మా!"

"మన మేనేజర్నా?" ఎంత ఆశగా అడిగిందో.

"కాదు. క్లబ్బు మేనేజర్ని."

"ఓస్, ఫుట్‌బాలా. పట్టుకో కొస."

ఈ నోటుబుక్కులో ఎందుకు రాస్తున్నానంటే ఇంట్లో అరవడానికి లేదు. వదినకి ఏడో నెల. నేను నోరు తెరిస్తే చాలు, అన్నయ్య వేలు పెదవుల మీద పెట్టుకుని తలుపు చాటు నుంచి వచ్చేస్తాడు. అరవాల్సిందంతా ఇక్కడ అరుస్తాను.

తొమ్మిది మ్యాచ్‌లు మిగిలాయి. పట్టికలో అందరికంటే కింద ఉన్నాం. చివరి రెండు జట్లూ కింది లీగుకి పడిపోతాయి. పడిపోతే మళ్లీ లేవడం మన క్లబ్బు వల్ల కాదు. అందుకని కొత్త మేనేజరుగా పాత కెప్టెనే రావాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

మార్చి 4, మంగళవారం

సాయంత్రం డ్యూటీ దిగి సెలూన్‌కి వెళ్లాను. అభిమానుల సంఘం ఆఫీసంటే ఆ సెలూనే, ప్రెసిడెంటంటే ఆ సెలూన్ అన్నే. లోపల నిలబడటానికి చోటు లేదు.

క్లబ్బు కమిటీలో నలుగురున్నారు. ఇద్దరు పాత కెప్టెన్ కావాలంటున్నారట, ఇద్దరు ఈలాయన కావాలంటున్నారట. ఐదో ఓటు మాది. ఆ ఓటు ఎవరూ దయతలచి ఇవ్వలేదు. స్టాండు పైకప్పు కూలిన ఏడాది మేమంతా సెలవులు పెట్టి మళ్లీ వేశాం, అప్పుడు నిబంధనల్లో రాయించుకున్నాం. ఏప్రిల్ ఎనిమిదిన ఓటింగు. అప్పటిదాకా జట్టుని ఈలాయన చూసుకుంటాడు.

ఈలాయన పన్నెండేళ్లుగా జూనియర్ల కోచ్. ఎప్పుడు చూసినా నోట్లో ఈల. పలకరించినా ఈల తియ్యడు, తలూపుతాడు.

గడ్డం కింద నురగతో కుర్చీలో ఉన్న పోస్టాయన అన్నాడు, "ఈలాయనకి మన పిల్లలంతా తెలుసు. ఎవడి కాలు ఎటు తిరుగుతుందో ఆయనకి..."

"బాబాయ్," అన్నాడు సెలూన్ అన్న, కత్తి గాల్లో ఆపి. "నీ మెడ నా చేతిలో ఉన్నప్పుడు ఆయన పేరెత్తకు."

అందరూ ఘొల్లుమన్నారు. పోస్టాయన కూడా నవ్వబోయి ఆగాడు, కత్తికి భయపడి.

నేను నా మ్యాచ్ నోట్సు తీసి చదివాను. ఏ ఆటగాడు బంతి ఎన్నిసార్లు తాకాడు, ఎన్నిసార్లు వెనక్కి కొట్టాడు, మూడేళ్ల లెక్క. ఇది నాకెవరూ నేర్పలేదు. నాకు నేనే నేర్చుకున్నాను. గోలు వెనక నిలబడి కళ్లతో చూసి రాసుకున్నది. ఈలాయన పెంచిన శిష్యుడు తాబేలు ఉన్నాడు, మధ్యలో ఆడతాడు, ఆడతాడని అనుకోవాలి. మ్యాచ్ మొత్తంలో పది సార్లు కూడా బంతి తాకడు. మైదానంలో షికారు చేస్తాడు. అలాంటి వాణ్ని తయారుచేసిన మనిషికి జట్టు మొత్తం అప్పజెబుతారా?

"మైకూ, కమిటీ ముందు కూడా ఇలాగే మాట్లాడు," అన్నాడు సెలూన్ అన్న. గ్యాంగులో నా పేరు మైకు. అందరూ చేతులెత్తారు. మా ఓటు పట్టుకెళ్లేది నేనే. సంఘం ఏ పేరు చెబితే ఆ పేరుకే వేస్తానని మాట ఇచ్చాను. పాత కెప్టెన్ పేరు చెప్పారు.

ఇరవై నాలుగేళ్లకి నా మాట ఒక చోట లెక్కలోకి వస్తోంది.

మార్చి 5, బుధవారం

వదినతో గొడవ.

లాండ్రీలో చిరుగులు పడి పక్కన పడేసిన దుప్పటి ఒకటి అడిగి తెచ్చుకున్నాను. "ఈల ఆపు, ఇంటికి పో" అని నల్ల రంగుతో రాశాను, అక్షరం మూరెడు. కర్ర దూర్చడానికి అంచు కుట్టిపెట్టమని వదినకి ఇచ్చాను. వదిన టైలరు. మా గోలు వెనక జెండాలన్నీ తను కుట్టినవే.

చదివి మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది. "ఇది నేను కుట్టను."

"ఎందుకు?"

"ఆయన నేర్పిన పిల్లల ఆట నాకు నచ్చుతోంది. నిలబడి నిలబడి నీకు కాళ్లే అరిగాయనుకున్నా, కళ్లు కూడా అరిగాయి. తాబేలు లేకపోతే మన మీద ఇంకో పది గోల్స్ పడేవి."

ఈ మాట అన్నది ఎవరు? ఏడేళ్లు నా పక్కన గోలు వెనక నిలబడి గొంతు పోగొట్టుకున్న మనిషి! ఈ సీజన్లోనే, కడుపుతో తోపులాట మంచిది కాదని, పక్క స్టాండులో సీటు తీసుకుంది. కూర్చుంటే మనిషి మారిపోతుంది. అక్కడ కూర్చునేవాళ్లు సినిమాకి వచ్చినట్టు వస్తారు. గోలు పడితే రెండు వేళ్లతో చప్పట్లు కొడతారు.

ఆ మాటే అన్నాను. ఇంకా చాలా అన్నాను. నోటుబుక్కు తెచ్చి తాబేలు లెక్క చూపించాను.

"మీ ఆడపడుచులకి వదినంటే ఎప్పుడూ అలుసే," అంది వదిన.

"ఫుట్‌బాల్లో ఆడపడుచేంటి?"

"మరి నేనేదో మీ పుట్టింటి నగలు తిన్నట్టు అరుస్తున్నావేం?"

తలుపు చాటు నుంచి అన్నయ్య వేలు వచ్చింది.

మార్చి 6

వదినతో మాట్లాడటం లేదు. నాకేం కోపం లేదు.

మార్చి 8, శనివారం

0–0. సొంత మైదానంలో.

అంచు నేనే కుట్టాను. హాఫ్‌టైముకి కుట్లు ఊడి కర్ర జారిపోయింది. చెరో కొస పట్టుకుని చేతుల మీదే ఎత్తి పట్టుకున్నాం. ఈలాయన ఒకసారి చూశాడు. ఈల నోట్లోనే ఉంది. మళ్లీ మైదానం వైపు తిరిగాడు.

తాబేలు: తొమ్మిది సార్లు. తొమ్మిదే!

మార్చి 9

ఇంట్లో అన్నయ్య పోస్ట్‌మ్యాన్ అయ్యాడు. నాకూ వదినకీ మధ్య ఎదురుగా ఉన్నా ఉత్తరాలు మోస్తున్నాడు.

"ఒసేయ్, మీ వదిన అడుగుతోంది, అవతలి జట్టు గోలు మీదికి ఎన్నిసార్లు కొట్టిందో నీ పుస్తకంలో రాశావా అని."

"రాయలేదని చెప్పు. నేను మన వాళ్లని చూస్తాను, అవతలి వాళ్లని కాదు."

"అదే అంటోంది తను."

అన్నయ్యకి ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియదు. తాళాలు బాగుచేస్తాడు. ఏది ఎటు తిప్పితే తెరుచుకుంటుందో చూస్తున్నట్టు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

మార్చి 15

బయటి మ్యాచ్. 0–1. చెప్పాను కదా!

మార్చి 19, బుధవారం

వదిన పాదాలు వాచాయి. మెట్లు ఎక్కొద్దంది డాక్టరు. కాన్పయ్యేదాకా మ్యాచ్ లేదు. అది విని వదిన ఏడ్చింది. నేను వంటింట్లో ఉన్నాను, వినపడింది. వెళ్లలేదు. గిన్నెలు తోముతున్నాను.

సాయంత్రం అన్నయ్య సీటు టిక్కెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. "సీటు ఖాళీగా ఉండకూడదట. నీకిమ్మంది."

"నాకు అక్కర్లేదు."

"అక్కర్లేదని నువ్వే వెళ్లి చెప్పు. నేను అలిసిపోయాను," అన్నాడు.

మార్చి 22, శనివారం

సీటు వృథా పోతుందని వెళ్లాను. అంతే, ఇంకేం లేదు.

2–0 గెలిచాం. తలనొప్పి.

మార్చి 23, ఆదివారం

నిన్న ఎండ కళ్లలో పడింది. అందుకే అలా కనిపించి ఉంటుంది.

ఒక్క మ్యాచ్ చూసి ఏమీ చెప్పలేం. మూడేళ్ల నోట్సు ఉన్నాయి నా దగ్గర.

మార్చి 24, సోమవారం

ఎండ కాదు.

ఇవాళ రోలర్ దగ్గర డ్యూటీ. ఇస్త్రీ అయిన దుప్పటి రోలర్ నోట్లోంచి సరాసరి నా వైపు వస్తుంది. ఎదురుగా నిలబడితే అది వస్తున్నట్టే ఉండదు, ఒక తెల్ల గీత అక్కడే ఆగి ఉన్నట్టుంటుంది. తీరా వేళ్లు కాలాకే తెలుస్తుంది. పెద్దమ్మ పక్క నుంచి చూసి "వస్తోంది, వస్తోంది" అంటుంది ఎప్పుడూ. ఇన్నాళ్లూ ఆవిడది చాదస్తం అనుకున్నాను.

సరే, రాస్తాను. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంక ఎక్కడ రాస్తాను?

గోలు వెనక నుంచి మైదానం వెడల్పు మాత్రమే కనిపిస్తుంది. పొడుగు కనిపించదు. నా వైపు ఇరవై అడుగులు పరిగెత్తి వచ్చినవాడూ, నించున్నవాడూ ఒకేలా ఉంటారు. ఈలాయన జట్టంతా పొడుగునే కదులుతోంది. వెనక ముగ్గురూ ఒక్క తాడుకి కట్టినట్టు ముందుకి జరుగుతున్నారు, మధ్య వాళ్లు జరుగుతున్నారు, అందరికీ ముందు తాబేలు నాలుగడుగులు వేస్తాడు. నాలుగే. అప్పుడు అవతలి వాడు పాస్ ఇద్దామని తలెత్తి చూసేసరికి దారిలో తాబేలు నిలబడి ఉంటాడు. ఏం చేస్తాడు? వెనక్కి కొడతాడు. తాబేలు బంతి తాకలేదు. నా పుస్తకంలో సున్నా. శనివారం ఆ సున్నాలు లెక్కపెట్టాను. ఫస్టాఫ్‌లోనే పదిహేడు.

మూడేళ్లు. మూడేళ్లు ఆ మనిషిని బూతులు తిట్టాను, కూతలేశాను. నా కళ్లతో చూశానని ఛాతీ చరుచుకున్నాను.

ఎవరి మీద అరవాలో తెలియక దుప్పటి గట్టిగా గుంజాను. పెద్దమ్మ కొస వదిలి, దగ్గరికొచ్చి, నా వేళ్లకి చన్నీళ్లు పోసింది.

మార్చి 25, మంగళవారం

పని నుంచి రాగానే వదిన దగ్గరికి వెళ్లాను. కాళ్లు స్టూలు మీద పెట్టుకుని ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది.

"ఏమ్మా ఆడపడుచు గారూ. సీటు ఎలా ఉంది? మెత్తగా ఉందా?"

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్పాను. మూడుసార్లు. మూడుసార్లూ నోటుబుక్కు తెచ్చి మొహం మీద పెట్టావు."

నేను కింద కూర్చున్నాను. వదిన దారం కొరికింది.

"నాకు మాత్రం వెంటనే తెలిసిందా ఏంటి? మొదటి మ్యాచ్ అంతా ఏడుస్తూ కూర్చున్నా, మీ అరుపులు అటు వినపడుతుంటే. రెండో మ్యాచ్‌లో ఏడవడానికి ఓపిక లేక ఆట చూశా."

నవ్వు ఆగలేదు ఇద్దరికీ. అన్నయ్య వేలు పెదవుల మీద పెట్టుకుని వచ్చి, మేం నవ్వుతున్నామని చూసి, ఆ వేలు ఏం చేసుకోవాలో తెలియక తల గోక్కున్నాడు.

తర్వాత వదిన నెమ్మదిగా అంది, "నువ్వు మాటిచ్చావు కదే, పాత కెప్టెన్‌కి వేస్తానని."

ఇచ్చాను. అందరి ముందూ.

మార్చి 27, గురువారం

సెలూన్‌లో చెప్పేశాను. తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. "నేను తప్పు చూశాను. మనమంతా తప్పు చూశాం. ఈలాయనే ఉండాలి," అన్నాను.

సెలూన్ అన్న కత్తెర దించాడు. తర్వాత మొదలైంది.

"సీటు తగిలింది మైకుకి."

"రేపట్నుంచి దిండు కూడా తెచ్చుకుంటుంది!"

"వాళ్ల వదిన మందు పెట్టింది రా."

సెలూన్ అన్న నవ్వలేదు. అద్దంలోంచి నన్ను చూస్తూ మాట్లాడాడు. "మా నాన్న పోయిన వారం నేను మ్యాచ్‌కి రాలేదు. పాత కెప్టెన్ ఈ సెలూన్‌కి వచ్చాడు. షేవింగు కోసం కాదు. ఊరికే ఆ కుర్చీలో కూర్చుని గంటసేపు ఉన్నాడు. నీకు తెలుసా?"

నాకు తెలియదు.

"తీసుకొస్తామని ఆయనకి నేను మాట ఇచ్చాను. నువ్వు నాకు మాట ఇచ్చావు. ఓటు సంఘానిది, నీది కాదు. వెయ్యలేకపోతే చెప్పు, ఇంకొకర్ని పంపిస్తాం."

అదీ నిజమే. అదే నాకు ఒళ్లు మండించింది. నా దగ్గర ఉన్నదీ నిజమే, ఆయన దగ్గర ఉన్నదీ నిజమే. వీళ్లకి తెలియకుండా లోపల చెయ్యెత్తి వచ్చేయొచ్చు. కానీ రేపు ఏ మొహం పెట్టుకుని గోలు వెనక నిలబడతాను?

"ఆదివారం, ఆరో తారీఖున, మీటింగు పెట్టు అన్నా. మళ్లీ చేతులెత్తండి. అప్పుడు కూడా కెప్టెనే అంటే కెప్టెన్‌కే వేస్తాను."

"ఎన్నిసార్లు ఎత్తినా అవే చేతులు," అన్నాడు.

మార్చి 29

బయటి మ్యాచ్. 1–1.

ఏప్రిల్ 1, మంగళవారం

నా నోటితో ఎంత చెప్పినా వినరు. వదిన చెబితే నేను విన్నానా? కూర్చోబెట్టాలి.

పక్క స్టాండులో వదిన పక్క సీటాయన రిటైరైన రైల్వే గార్డు, అందరూ గార్డు తాతగారంటారు. ఇల్లు కనుక్కుని వెళ్లాను. ఐదో తారీఖు ఫస్టాఫ్‌కి మీ సీట్లు మాకివ్వండి, మా చోటు మీరు తీసుకోండి, హాఫ్‌టైములో మళ్లీ మారిపోదాం అన్నాను. తిడతారనుకున్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గోలు వెనకా? అరవొచ్చా?"

"అరవకపోతే ఊరుకోం తాతగారూ."

"నలభై ఏళ్ల నుంచి మా ఆవిడ కోసం పక్క స్టాండులో కూర్చున్నానమ్మా. అరుస్తూ నిలబడాలని ఉండేది. ఆవిడకి ఆ గోల పడదు." కేకేశారు, "ఏమోయ్! శనివారం నువ్వు కూడా అరవాలి!"

లోపల్నుంచి, "ఇప్పుడు చేస్తున్న పనేంటి?" అని వినపడింది.

ఏప్రిల్ 5, శనివారం

మార్చుకున్నారు! అరవై మంది!

సెలూన్ అన్న రానన్నాడు. "భయమా అన్నా?" అన్నాను. వచ్చాడు. గేటు దగ్గర మనిషి, "తలల లెక్క సరిపోతే చాలు, ఎవరెటు పోతే నాకేం," అని వదిలేశాడు.

మా వాళ్లకి కూర్చోవడం రాదు. బంతి కదిలితే లేస్తున్నారు. వెనక ఒకావిడ, "కూర్చో నాయనా, నీ వీపు చూడ్డానికి రాలేదు," అంటోంది. అటు గోలు వెనక పెద్దవాళ్ల అరుపులు. ఎవరి పాట వాళ్లదే. గార్డు తాతగారు జేబురుమాలు తిప్పుతూ రైలు కూతలు కూస్తున్నారు. గోలు కాసే గోలీ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంత కష్టం నా జన్మలో పడలేదు. చూపించకూడదు, చెప్పకూడదు అనుకున్నాను.

ఇరవయ్యో నిమిషం దాటాక సెలూన్ అన్న అన్నాడు, "ఆ తాబేలు ఎక్కడికి పోతున్నాడు, బంతి ఇటుంటే?"

 మూడు లెక్కపెట్టేలోగా అవతలి వాళ్ల పాస్ అటే వచ్చింది. తాబేలు కాలు చాపి తీసుకున్నాడు, దారిలో పడిన వస్తువు తీసుకున్నట్టు. సెలూన్ అన్న చేతులు కట్టుకున్నాడు.  హాఫ్‌టైము దాకా ఒక్కసారి కూడా బంతిని చూడలేదు. తాబేలునే చూశాడు.

సెకండాఫ్‌లో మా చోటికి మేం వచ్చాం. మా గోలీ చేతిలోంచి బంతి జారింది. 0–1.

ఓడిపోయాం. ఇవాళే ఓడిపోవాలా!

ఏప్రిల్ 6, ఆదివారం

మీటింగు సెలూన్ బయట రోడ్డు మీదే పెట్టారు. లోపల పట్టక.

"ఓడిపోయిన మర్నాడు ఓటేంటి," అని కొందరు. "చూశాంగా, బాగానే ఆడారు, గోలీ వదిలేస్తే ఆయనేం చేస్తాడు," అని ఇంకొందరు. పోస్టాయన అందరికీ నీళ్లిస్తూ తిరుగుతున్నాడు, ఒక్కో గ్లాసుతో పాటు ఒక్కో మాట చెవిలో వేస్తూ.

నేను ఒక్కటే చెప్పాను. "పాత కెప్టెన్ మంచోడు కాదని నేననలేదు. ఇన్నేళ్లూ మనం ఈలాయన్ని చూడలేదు, అంతే అంటున్నాను. మీరు నిన్న చూసిందేంటో మీకే తెలుసు. నాకు చెప్పక్కర్లేదు."

చేతులెత్తారు. సెలూన్ అన్నే లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి కుర్చీ ఎక్కి లెక్కపెట్టాడు.

"కెప్టెన్, ముప్పై ఒకటి." ఆగాడు. ఆయన ఏ సంఖ్య చెప్పినా అడిగేవాళ్లు లేరు, అందరం ఆయన మొహమే చూస్తున్నాం. "ఈలాయన, ముప్పై నాలుగు."

ఆయన చెయ్యి ముప్పై ఒకటిలో ఉంది.

ఏప్రిల్ 8, మంగళవారం

సగం రోజు సెలవు. కమిటీ గది. బల్ల చుట్టూ నలుగురు, బల్ల చివర నేను. చేతుల్లో బ్లీచింగు వాసన పోలేదు.

ముందు పాత కెప్టెన్ వచ్చాడు. గది వెలిగిపోయింది, అది మాత్రం ఒప్పుకోవాలి. నా వంతు వచ్చింది. "మన తాబేలుని ఎక్కడ ఆడిస్తారు?" అన్నాను. పేరు కూడా చెప్పాను.

ఆయన ఆలోచించాడు. "నిజం చెప్పనా అమ్మా? ఈ సీజన్ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. వస్తే ప్రాణం పెట్టి చేస్తాను. అది మాత్రం చెప్పగలను."

నమ్మాను. అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే ఇంకా కష్టమైంది.

తర్వాత ఈలాయన. మెడలో ఈల లేదు, జేబులో పెట్టుకున్నట్టున్నాడు, చెయ్యి మాటిమాటికీ గుండెల మీద వెతుక్కుంటోంది. నలుగురూ అడిగినవాటికి సగం సగం జవాబులు. నేల చూపులు. ఆయన వైపున్న ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఆ బ్యానర్ రాసింది నేనే సార్," అన్నాను.

"తెలుసమ్మా. నీ గొంతు వినపడుతుంది." జేబు తడుముకుని, "అక్షరాలు బాగున్నాయి. కుట్టే బాలేదు," అన్నాడు.

ఆయన పరిహాసానికి అన్లేదు. ఆలోచించి చెప్పాడు.

"మీరేం చేస్తున్నారో మాకు ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు? అంతమందిమి తిడుతుంటే?"

మొదటిసారి తలెత్తి చూశాడు. "కనిపిస్తోందనుకున్నానమ్మా."

చేతిలో ఉన్న నోటుబుక్కు మూసేశాను. 

పాత కెప్టెనూ ఈలాయనా బయట కూర్చున్నారు. రెండు చేతులు ఇటు లేచాయి, రెండు అటు. నలుగురూ నా వైపు తిరిగారు. చెప్పాను. గట్టిగానే చెప్పానట, బయటికి వినపడిందట.

మేం బయటికొచ్చేసరికి పాత కెప్టెన్ ఈలాయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. ఈలాయన నన్ను చూసి థాంక్స్ చెప్పలేదు. "శనివారం బస్సు ఎన్నింటికి?" అని కమిటీ వాళ్లని అడిగాడు.

ఏప్రిల్ 9

సెలూన్ ముందు నుంచి వెళ్లాను. అన్న తల తిప్పుకున్నాడు. నాకేం బాధ లేదు.

రెండుసార్లు వెళ్లాను.

ఏప్రిల్ 12

బయటి మ్యాచ్. 2–1! గెలిచాం! రేడియో దగ్గర వదిన వేసిన కేకకి అన్నయ్య మంచం మీంచి లేచి కాన్పేమో అనుకుని ఆటో కోసం చెప్పులు లేకుండా పరిగెత్తాడు. వీధి చివర నుంచి తీసుకొచ్చాం.

ఏప్రిల్ 19, శనివారం

సొంత మైదానం. గోలు వెనకే నిలబడ్డాను, నా చోటు అదే. కాకపోతే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. వదిన ఇంట్లో స్థానిక రేడియో పెట్టుకుని, ఏం కనిపిస్తోందని నన్ను అడుగుతోంది, నాకు కనిపించనిది రేడియోలో విని నాకు చెబుతోంది.

సెలూన్ అన్న మూడు వరసల కింద ఉన్నాడు. నన్ను చూడనట్టు.

ముప్పయ్యో నిమిషంలో మా వాళ్లు గోలు కొట్టారు. సెకండాఫ్ మొదట్లోనే అవతలి వాళ్లు సమానం చేశారు. కొందరు నా వైపు తిరిగారు, నువ్వు తెచ్చినవాడే కదా అన్నట్టు. తిరగనీ.

డెబ్భై అయిదో నిమిషంలో ఈలాయన తాబేలుని తీసేసి కొత్త కుర్రాణ్ని దింపాడు.

ఇంక నా నోరు ఆగలేదు. "ఓ సార్! ఇప్పుడా తీసేది! మధ్యలో ఎవడు నిలబడతాడు? మీరా?" ఫోనులో వదిన "ఏమైందే, ఏమైందే" అంటోంది.

సెలూన్ అన్న గిర్రున తిరిగాడు. పదిహేను రోజుల తర్వాత మొదటి మాట. "నువ్వే తెచ్చావు. నువ్వే తిడుతున్నావా?"

"నేను తెచ్చాను కాబట్టే తిడుతున్నాను! నేను తిట్టక ఇంకెవరు తిడతారు?"

 అప్పుడే అవతలి వాళ్లు బంతి తీసుకుని మధ్యలోంచి వస్తున్నారు. ఆ కొత్త కుర్రాడు ఎటు పోవాలో తెలియక ఆగిపోయాడు. సెలూన్ అన్న మైదానం వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు, "రెండడుగులు ఎడమకి రా! పాస్ అటే! ఎడమకి!"

ఆ కుర్రాడికి వినపడిందో లేదో, మా గోలకి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఎడమకి వెళ్లాడు. పాస్ అటే వచ్చింది.

అన్న నా వైపు చూడకుండానే అన్నాడు, "ఏంటలా చూస్తావు? నాకిప్పటికీ పాత కెప్టెనే ఇష్టం."

"నేనేమన్నానన్నా?"

"జరుగు. కింద నుంచి ఏమీ కనపడటం లేదు," అని మూడు వరసలు ఎక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

1–1. డ్రా. కిందినుంచి మూడో స్థానం. పడిపోయేది చివరి ఇద్దరే. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి.